డూప్లికేట్ వాచ్‌ని పది సెకన్లలో పట్టేస్తుందట! మూడు వారాలు వాడి చూశాను

నమస్కారం అండీ. ఈ రోజు వీడియో నా చేతిలో ఉన్న ఈ పెట్టె గురించే. లోపల ఉన్నవి రెండే. పది రెట్లు పెద్దగా చూపించే లూప్ ఒకటి, వాచ్ చప్పుడు విని లెక్కలు చెప్పే టైమ్‌గ్రాఫర్ ఒకటి. కంపెనీవాళ్ళు ఫ్రీగా పంపారు, డబ్బులైతే తీసుకోలేదు. స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు కాబట్టి అవన్నీ చదివి విసిగించను. పెట్టె మీదున్న ఒక్క ముక్క మాత్రం చదువుతాను: "నకిలీ వాచ్‌ని పది సెకన్లలో పట్టేయండి." మూడు వారాలుగా నాకూ ఈ పెట్టెకూ గొడవంతా ఈ మాట దగ్గరే.

ముందు లూప్ సంగతి. ఇది నాకు తెగ నచ్చేసింది. అద్దం అంచుల దాకా బొమ్మ వంకర పోవడం లేదు. ఇంతకుముందు నా దగ్గరున్నది "ముప్పై రెట్లు" అని రాసుకున్న చవకరకం. దాంట్లో మధ్యలో ఒక్క చుక్క స్పష్టంగా ఉండేది, చుట్టూ అంతా మంచు పట్టినట్టే. పది రెట్లు చాలండీ. కాకపోతే పట్టుకోవడం తెలియాలి. చాలామంది లూప్‌ని వాచ్ మీద బోర్లించి, తల దూరంగా పెట్టి చూస్తారు. అలా కాదు. లూప్‌ని కంటికి ఆనించుకుని, వాచ్‌ని రెండున్నర సెంటీమీటర్ల దూరం దాకా తీసుకురండి. ఇంకోటి, దీనికున్న ఈ ఎల్‌ఈడీ లైటుని ఆపేయండి. ఆ వెలుగు నేరుగా గ్లాసు మీద పడి డయల్‌ని కప్పేస్తోంది. ఎవరు పెట్టమన్నారో గానీ! కిటికీ పక్కన కూర్చుని వెలుతురు పక్క నుంచి పడేలా చూసుకుంటే అక్షరాలు అచ్చంగా లేచి నిలబడతాయి.

ఇప్పుడు ఈ రెండు వాచ్‌లు చూడండి. రెండూ రోలెక్స్ డేట్‌జస్ట్‌లే, చూడటానికి. ఒకటి మా బాబాయిది, ఒరిజినల్. రెండోది ఒక ఫ్రెండ్ మోసపోయి కొన్నది. మళ్ళీ చేతికి పెట్టుకోబుద్ధి కాక నా దగ్గర పడేశాడు.

తేదీ మీద ఉండే ఆ చిన్న భూతద్దాన్ని సైక్లాప్స్ అంటారు. ఒరిజినల్‌లో అది అంకెని రెండున్నర రెట్లు పెద్దది చేస్తుంది. పాత డూప్లికేట్లలో అంత ఉండేది కాదు, అంకె ఎక్కడో బావి అడుగున ఉన్నట్టు కనిపించేది. ఇప్పుడు ఆ లోటు సరిచేసుకున్నారు. అందుకే సైజు చూసి సంబరపడొద్దు, ప్రింటు చూడండి. బాబాయి వాచ్‌లో ఈ 27 చూశారా? అంచు కత్తితో కోసినట్టుంది. రెండోదాంట్లో 2 మెడ దగ్గర ఇంకు కొంచెం పాకింది. పైగా అంకె గడిలో వెంట్రుకవాసి ఎడమకి జరిగి ఉంది. మామూలు కంటికి ఇదేదీ దొరకదు. లూప్‌లో ఒకసారి చూశాక మాత్రం ఇక కంటికి అదే కనిపిస్తుంది.

ఒక రాత్రి ఈ రెండింటినీ ముందు పెట్టుకుని పన్నెండు దాకా మేలుకున్నాను. ఇంట్లోవాళ్ళు నవ్వారనుకోండి. పదకొండున్నరకే డూప్లికేట్‌లో తేదీ మెల్లగా జరగడం మొదలెట్టింది, సగం 27, సగం 28. బాబాయిది పన్నెండు దాకా కదల్లేదు, టక్కున ఒక్క గెంతు గెంతింది. అయితే మామూలు మెషిన్, అంటే లోపలి యంత్రం, వేసిన డూప్లికేట్లకే ఈ పరీక్ష పనికొస్తుంది. రోలెక్స్ మెషిన్‌నే కాపీ కొట్టినవి కూడా ఉన్నాయి, అవి గెంతడం కూడా నేర్చుకున్నాయి.

ఆరు అంకె దగ్గర గ్లాసులో లేజర్‌తో చెక్కిన బుల్లి కిరీటం ఉంటుంది కదా, దాని గురించి అందరూ చెబుతారు. అది కనిపించగానే ఒరిజినల్ అని ఎగిరి గంతేస్తారు. నిజానికి అది దొరకాలంటే వాచ్‌ని ఇటూ అటూ వంచి వెతుక్కోవాలి. పట్టుకోగానే "ఇదిగో నేనిక్కడ" అని పలకరిస్తే అప్పుడే అనుమానించాలి. ఈ డూప్లికేట్‌లో సరిగ్గా అదే జరిగింది.

బరువు, రోలెక్స్ వాడే 904ఎల్ రకం స్టీలు, చీకట్లో నీలం వెలుగు, ఇవన్నీ ఇప్పుడు మంచి ఫస్ట్ కాపీలు చేసేవాళ్ళకి మంచినీళ్ళ ప్రాయం. వాటి మీద టైమ్ పెట్టను.

సెకన్ల ముల్లు గురించి మాత్రం ఒక్క మాట. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు మన చెయ్యి పట్టుకుని, "ముల్లు టిక్కుటిక్కుమంటోందిరా, డూప్లికేట్" అని తీర్పు చెప్పేస్తుంటారు. ఇప్పటి డేట్‌జస్ట్ మెషిన్ గంటకి 28,800 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి ఎనిమిది చిన్న చిన్న అడుగులు. చవక ఆటోమేటిక్‌లూ ఎన్నో ఇదే లెక్కలో నడుస్తాయి. ఇక టిక్కుమంటేనే నకిలీ అనుకుంటే, 1977లో రోలెక్సే ఆయిస్టర్‌క్వార్ట్జ్ అని బ్యాటరీతో నడిచి సెకనుకో అడుగు వేసే వాచ్ తెచ్చింది. జపాన్ వాళ్ళ ఖరీదైన గ్రాండ్ సీకో క్వార్ట్జ్ కూడా అంతే. దాన్ని డూప్లికేట్ అంటే అది కట్టుకున్నవాళ్ళు నవ్విపోతారు.

ఇక టైమ్‌గ్రాఫర్. ఇదిగో, వాచ్‌ని ఈ మైకు మీద బిగించాలి. లోపలి చప్పుడు విని రోజుకి ఎన్ని సెకన్లు ముందో వెనకో, లోపల అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ వీల్ అనే చిన్న చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందో చెబుతుంది. ఈ డిగ్రీల లెక్కనే ఆంప్లిట్యూడ్ అంటారు. పరికరం బాగానే ఉంది. మాన్యువల్ చదివితేనే నాకు ఒళ్ళు మండింది. అంకెలు బాగుంటే ఒరిజినల్, బాగోకపోతే అనుమానించండి అని రాశారు!

సరే, పెట్టి చూశాను. డూప్లికేట్: ప్లస్ 3 సెకన్లు, 285 డిగ్రీలు. చక్కని ఆరోగ్యం. బాబాయిది: మైనస్ 11, ఆంప్లిట్యూడ్ 215. కొన్నప్పటి నుంచి ఒక్కసారీ సర్వీసింగ్‌కి ఇవ్వలేదు మా బాబాయ్, లోపల ఆయిల్ ఎండిపోయి ఉంటుంది. ఈ మాన్యువల్ లెక్కన ఒరిజినల్ దొంగ, దొంగ దొర. మెషిన్ ఎంత ఆరోగ్యంగా ఉందో చెప్పే పరికరం ఇది. ఎవరి బిడ్డో దానికేం తెలుస్తుంది?

పైగా లిఫ్ట్ యాంగిల్ అని, ఆంప్లిట్యూడ్ లెక్క కట్టడానికి వాడే ఒక సెట్టింగు ఉంటుంది. ఇందులో 52 పెట్టి పంపారు. చాలా మెషిన్లకి సరిపోతుంది. ఒమేగా కంపెనీ కో-యాక్సియల్ రకం మెషిన్‌కి మాత్రం దాదాపు 38 పెట్టాలి. మార్చకుండా వదిలేస్తే ఆంప్లిట్యూడ్ ఆకాశాన్నంటుతుంది, అది చూసి మంచి వాచ్‌ని పాడైందనుకుంటారు. మాన్యువల్‌లో దీని గురించి ఒక్క లైను లేదు. అందుకే రెండో వారంలోనే దీన్ని డ్రాయరులో పడేశాను.

కానీ నాకు జరిగింది ఒకటి చెప్పాలి. నాలుగేళ్ళ క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఒమేగా ప్లానెట్ ఓషన్ కొన్నాను, కో-యాక్సియల్ 2500 మెషిన్‌తో వచ్చిన పాత రకం. బాక్సు ఉంది, కార్డు ఉంది, డయల్ మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకుని పప్పులో కాలేశాను. ఆరు నెలల తర్వాత సర్వీసింగ్‌కి ఇస్తే మెకానిక్ వెనక మూత తిప్పి, నన్ను పిలిచి చూపించాడు. డయల్ ఒరిజినల్, ముళ్ళు ఒరిజినల్, లోపల మాత్రం ఈటీఏ అనే స్విస్ కంపెనీ 2892 మెషిన్‌కి నకలు. పైన పటారం, లోన లొటారం. బాక్సులూ కార్డులూ విడిగా కూడా అమ్ముతారని అప్పటిదాకా నాకు తెలియదు. ఇలాంటి అతుకుల వాచ్‌ని ఫ్రాంకెన్ అంటారని కూడా ఆ రోజే విన్నాను.

అలాంటి వాచ్‌లో డయల్ నిజమైనదే కాబట్టి లూప్‌కి దొరికేది ఏమీ లేదు. కానీ ప్లానెట్ ఓషన్‌లో వేసిన 2500 గంటకి 25,200 సార్లు కొట్టుకోవాలి. 2892 రకం 28,800 కొడుతుంది. ఆ రోజు ఈ మైకు నా దగ్గరుంటే, గంటకి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో అది చూపించే ఒక్క అంకెతో బయటపడేవాణ్ణి. నిన్న రాత్రి ఈ స్క్రిప్టు రాసుకుంటుంటే ఇది తట్టింది. డ్రాయరులోంచి మళ్ళీ తీశాను, కొంచెం సిగ్గుపడుతూనే.

కాబట్టి నా మాట ఇదీ: లూప్ విడిగా అమ్మితే కళ్ళు మూసుకుని కొనండి. టైమ్‌గ్రాఫర్ మాత్రం, మీరు కొనబోయే మోడల్ గంటకి ఎన్నిసార్లు కొట్టుకోవాలో ముందే తెలుసుకుని వాడేవాళ్ళకే. పెద్ద మొత్తం పెడుతున్నారంటే ఈ రెండూ చాలవు, మెకానిక్ ముందు వెనక మూత తీయించాల్సిందే. అందుకు ఒప్పుకోని అమ్మకందారుడికి దండం పెట్టి వచ్చేయండి. పెట్టె మీద ఆ పది సెకన్ల మాట రాసినందుకు మాత్రం ఒక మార్కు కోస్తున్నాను, కోపంతోనే.

బాబాయి వాచ్ రేపు సర్వీసింగ్‌కి వెళ్తోంది. తిరిగి రాగానే ఇదే మైకు మీద పెట్టి ఆ 215 ఎక్కడికి చేరిందో తర్వాతి వీడియోలో చూపిస్తాను.