చెక్క గిన్నెలోంచి వచ్చే శ్రుతి

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ మీకొక వాద్యబృందం సంగతి చెప్తాను. అందులో వయొలిన్ ఉండదు, మృదంగం ఉండదు, పదిహేను మంది నేలమీద దిండ్లు వేసుకుని మఠం వేసుకుని కూర్చుంటారు, ఒక్కొక్కరి ముందు ఒక ల్యాప్‌టాప్, పక్కన బోర్లించిన చెక్క గిన్నె ఒకటి, ఆ గిన్నెలోంచే శబ్దం వస్తుంది. దీన్ని ల్యాప్‌టాప్ ఆర్కెస్ట్రా అంటారు. నేను అమెరికాలో ఎమ్మెస్ చదివేటప్పుడు మా యూనివర్సిటీలో ఇలాంటి బృందం ఉండేది, రెండేళ్లు అందులో వాయించాను. చేరిన వారం ఫోన్లో అమ్మకి చెప్తే, అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది, "బాగానే ఉంది గానీ, మరి శ్రుతి ఎవరు పట్టుకుంటారే?" అని. నాకప్పుడు జవాబు తెలీలేదు, ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను, కానీ ఆ ప్రశ్న రెండేళ్లూ నా వెంటే ఉంది.

ముందు ఆ గిన్నె సంగతి చెప్పాలి, ఎందుకంటే నా మటుకు నాకు అసలు విషయం ల్యాప్‌టాప్ కాదు, గిన్నే. మామూలుగా కరెంటు వాయిద్యాల కచేరీకి వెళ్తే ఏం జరుగుతుందంటే, వాయించే మనిషి ఒకచోట ఉంటాడు, శబ్దమేమో స్టేజికి రెండు పక్కలా పెట్టిన పెద్ద స్పీకర్లలోంచి వస్తుంది, పదిమంది వాయించినా పదిమందీ ఒకే చోట కలిసిపోతారు, ఎవరు ఏది వాయించారో చెవికి తెలీదు. వయొలిన్ అలా కాదు కదా, దాని చెక్క ఒళ్ళంతా మోగుతుంది, శబ్దం అన్ని వైపులకీ పాకుతుంది, కళ్ళు మూసుకున్నా వాయించేవాడు ఎక్కడ కూర్చున్నాడో తెలిసిపోతుంది. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో డాన్ ట్రూమన్ అనే సంగీతకారుడికి ఇదే పట్టుకుంది, ఆయన స్వయంగా ఫిడేలు వాయిస్తారు, కరెంటు వాయిద్యానికి కూడా ఒక ఒళ్ళు ఉండాలని ఆయన తపన. పెర్రీ కుక్ అనే ప్రొఫెసర్‌తో కలిసి 2005లో ఆయన మొదలుపెట్టిందే ప్రిన్స్‌టన్ ల్యాప్‌టాప్ ఆర్కెస్ట్రా. అర్ధగోళం ఆకారంలో స్పీకర్లు చేయించి ఒక్కో మనిషి పక్కన ఒక్కోటి పెట్టారు. తర్వాత 2008లో, ప్రిన్స్‌టన్‌లోనే చదువుకున్న గె వాంగ్ అనే ఆయన స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఇంకో ఆర్కెస్ట్రా పెట్టినప్పుడు, వాళ్లు ఐకియా అనే ఇంటి సామాన్ల షాపులో దొరికే సలాడ్ గిన్నెలు కొనుక్కొచ్చి వాటికి కార్లలో పెట్టే స్పీకర్లు బిగించారు. మా బృందం కూడా ఆ దారే పట్టింది.

నా గిన్నె నేనే చేసుకున్నాను. నెత్తిన ఒకటి, చుట్టూ ఐదు, మొత్తం ఆరు రంధ్రాలు కొయ్యాలి, మొదటి గిన్నె నాలుగో రంధ్రం దగ్గర పెటిల్లున పగిలింది, రెండోది నిలబడింది. చెక్క కోస్తుంటే వచ్చే ఆ వాసన, దాని మీద సోల్డరింగ్ పొగ, ఇప్పటికీ తల్చుకుంటే ముక్కుకి తగుల్తుంది. అంతా అయ్యాక వింటే గొంతు నీరసంగా ఉంది, కింది స్వరాలు బాగా పలచగా ఉన్నాయి. ఎంత వాల్యూమ్ పెంచినా అంతే. చివరికి ఒక్కో స్పీకర్ దగ్గరా చెవి పెట్టి విన్నా, మూడోదానికి ప్లస్సు మైనస్సు వైర్లు తారుమారయ్యాయి, పక్కవి గాలిని బయటికి తోస్తుంటే ఇది లోపలికి లాగుతోంది, రెండూ కలిసి బేస్‌ని మింగేస్తున్నాయి. వైర్లు మార్చి మళ్లీ పెడితే గిన్నె గుండెల్లోంచి మోగింది, అరచేయి పెడితే చెక్క వణుకు తెలిసింది.

కంప్యూటర్‌తో సంగీతం అనేది కొత్తదేం కాదు. 1957లో న్యూజెర్సీలో ఉన్న బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో మాక్స్ మాథ్యూస్ అనే ఇంజనీరు కంప్యూటర్ చేత 17 సెకన్ల సంగీతం వాయించారు, లెక్కలన్నీ న్యూయార్క్‌లో ఉన్న ఐబీఎం మిషన్ మీద చేసి, ఆ టేపు న్యూజెర్సీకి మోసుకొచ్చి శబ్దంగా మారిస్తే గానీ వినపడలేదు. ఆ తర్వాత 1978లో కాలిఫోర్నియాలో కొంతమంది కుర్రాళ్లు కిమ్ వన్ అనే చిన్న బోర్డు కంప్యూటర్లని, దాని మెమరీ ఒక కిలోబైట్ చిల్లర, ఒకదానికొకటి వైర్లతో కలిపేసి కచేరీలు చేశారు. ఒకడి మిషన్ ఇంకొకడి మిషన్ మాట వింటుంది, దానికి తగ్గట్టు తను మారుతుంది. నాకు వీళ్ల కథ చాలా ఇష్టం, ఎందుకంటే కంప్యూటర్ని ఒంటరిగా వదలకుండా బృందంలో కూర్చోబెట్టింది వీళ్లే.

మేము వాడిన ప్రోగ్రామింగ్ భాష పేరు చక్. గె వాంగ్ ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ చేసేటప్పుడు పెర్రీ కుక్‌తో కలిసి తయారుచేసింది. ఆ భాషలో ఒక గొప్ప సంగతి ఉంది, అందులో కాలం దానంతటది నడవదు, మనమే నడపాలి. స్వరం మొదలుపెట్టాక "ఒక సెకను ముందుకి జరుగు" అని రాస్తేనే సెకను గడుస్తుంది, ఆ సెకనులోనే శబ్దం వినపడుతుంది, రాయకపోతే శబ్దమే ఉండదు. నేను మొదటివారంలో స్వరాన్ని మళ్లీ మళ్లీ వాయించమని ఒక లూప్ రాసి, ఆ లూప్‌లో కాలాన్ని జరపడం మర్చిపోయా, అంతే, ప్రోగ్రాం అక్కడే బిగుసుకుపోయింది, ఎన్ని కోట్లసార్లు తిరిగినా ఒక్క క్షణం కూడా గడవట్లేదు దానికి. ఆ రోజు నుంచి తాళం వెయ్యడం అంటే ఏంటో నాకు ఇంకోరకంగా అర్థమైంది, చిన్నప్పుడు టీచర్‌గారు తొడ మీద వేయించిన ఆదితాళం కూడా అదే కదా, చేత్తో కాలాన్ని ముందుకి జరపడం.

రిహార్సల్స్ వారానికి రెండు సాయంత్రాలు. గిన్నెలు, దిండ్లు, పవర్ వైర్లు మోసుకొచ్చి సర్దుకోడానికే గంట పట్టేది. అప్పట్లో కొన్ని ల్యాప్‌టాప్‌లలో కింద పడితే హార్డ్ డిస్క్ దెబ్బ తినకుండా వంపుని కనిపెట్టే సెన్సర్ ఒకటి ఉండేది, మేము దాన్నే వాయిద్యం చేసుకున్నాం, ల్యాప్‌టాప్ ఎత్తి ఎడమకి వంచితే స్వరం కిందికి జారుతుంది, కుడికి వంచితే పైకి లేస్తుంది, పదిహేను మంది ఒక్కసారి నెమ్మదిగా వంచుతుంటే గది మొత్తం పడవలాగా ఒరిగినట్టుండేది.

గె వాంగ్ చేసిన క్లిక్స్ అనే రచన కూడా వాయించేవాళ్లం. అందులో కీబోర్డే వాయిద్యం, ఒక్కో అక్షరానికి ఒక్కో స్వరం, కంప్యూటర్ లోపల ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఉంటుంది, చిన్న 'ఏ'కి 97, ఆ నంబర్‌ని బట్టి స్వరం. ఏం టైప్ చెయ్యాలో మన ఇష్టం. నేను ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మమ్మ, తాతయ్య, పెదనాన్న అని కొట్టేదాన్ని. మన మాటల్లో 'అ' ఎంతెక్కువో అప్పుడు తెలిసింది నాకు, రెండు అక్షరాలకొకసారి అదే 'ఏ', అదే 97, అదే స్వరం తిరిగి తిరిగి వస్తోంది, మిగతా స్వరాలు దాని చుట్టూ ఆడుకుంటున్నాయి. పక్కన కూర్చున్న అమ్మాయి, చికాగో పిల్ల, ఆగి నా గిన్నె వైపు చూసింది, "నీది మాత్రం ఒక స్వరం మీద నిలబడి ఉంటుందెందుకు" అంది. అమ్మ అడిగిన శ్రుతి అలా నా కీబోర్డులోంచే వచ్చింది.

అందరి దరువూ కలవడానికి ఒక ల్యాప్‌టాప్ వైఫైలో మిగతావాటికి అస్తమానం టిక్కు టిక్కుమని కబురు పంపుతుంటుంది. మొదటి కచేరీ రోజు హాలు నిండింది, అందరి జేబుల్లోనూ ఫోన్లే, గాల్లో ఆ రద్దీకి మా కబురు నా దగ్గరికి రావడం మానేసింది. నా గిన్నె ఒక్కటే మూగబోయింది. చేతులు చల్లబడిపోయాయి. ఎదురుగా ఏడు మీటర్ల దూరంలో కూర్చున్నతను నన్ను చూసి తల ఊపుతూ దరువు చూపించాడు, నేను నెట్‌వర్క్ వదిలేసి అతని గిన్నె మీదే చెవి పెట్టి చేత్తో వాయించడం మొదలుపెట్టా. శబ్దం సెకనుకి 340 మీటర్లే పోతుంది, అంటే అతని దరువు నాకు చేరేసరికి 20 మిల్లీసెకన్లు ఆలస్యం, అయినా కలిసిపోయింది. ఆ స్పీకర్ అతని పక్కన కాకుండా స్టేజి మీద పైనెక్కడో ఉండుంటే అతన్ని పట్టుకోగలిగేదాన్నే కాదు. తర్వాత నుంచి వైర్లు వేసుకున్నాం అనుకోండి.

మనవాళ్లలో ఈ గిన్నెల మధ్య కూర్చున్న మహానుభావుడు ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ గారు. 2006లో ప్రిన్స్‌టన్ బృందంతో కచేరీ చేశారు. అప్పటికి ఆ బృందానికి నిండా ఏడాది కూడా లేదు, అంతటి తబలా విద్వాంసుడు ఆ పిల్లల పక్కన వాయించారంటే నాకు ఎప్పుడు తల్చుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

చదువయ్యి ఇంటికొచ్చాక అమ్మకి వినిపించాను. చక్ ఉచితంగానే దొరుకుతుంది, రెండు ల్యాప్‌టాప్‌లు హాల్లో చెరో మూల పెట్టా, తీగలాగా గరగరలాడే శబ్దం, అమ్మది ఐదు శ్రుతి కాబట్టి ఒకదాంట్లో షడ్జమం 196 హెర్ట్జ్, అంటే సెకనుకి 196 కంపనాలు, ఇంకోదాంట్లో పంచమం, అది పియానో లెక్కలో కంప్యూటర్ ఇచ్చిన 293.66. అమ్మ మధ్యలో పీట వేసుకుని కూర్చుంది, కళ్ళు మూసుకుని కాసేపు విని, "ఊగుతోందే అది" అంది. నిజమే, పియానో లెక్కలో పంచమం వెంట్రుకవాసి తక్కువ, మన పంచమం షడ్జమానికి సరిగ్గా ఒకటిన్నర రెట్లు, 294 ఉండాలి, ఆ తేడాకి మూడు సెకన్లకి రెండుసార్లు శబ్దం అలలాగా పైకీ కిందికీ అవుతోంది. రెండేళ్లు ఇదే పనిలో ఉన్నదాన్ని, నేను పట్టలేదు. 293.66 చెరిపేసి 294 కొట్టాను. ఊగడం ఆగిపోయింది. అమ్మ గొంతు సవరించుకుని పాడటం మొదలుపెట్టింది.