డి ఆంజా కాలేజీ పార్కింగ్‌లో, మా అమ్మాయి ఆఖరి ఎగ్జామ్ రోజు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? నేనిప్పుడు కూపర్టినోలో డి ఆంజా కాలేజీ పార్కింగ్ లాట్‌లో ఉన్నాను. లోపల మా అమ్మాయి ఆఖరి ఫైనల్ రాస్తోంది. ఇదైపోతే రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ చదువు, అంటే డిగ్రీలో మొదటి రెండేళ్లు తక్కువ ఫీజుతో చదివేది, పూర్తయినట్టే. సెప్టెంబర్‌లో యూసీ డేవిస్‌కి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, డేవిస్ క్యాంపస్) వెళ్తోంది. "నా గురించి చెప్పుకోమ్మా, నన్ను మాత్రం చూపించకు" అంది. అందుకని ఇవాళ మీకు కనిపించేది ఈ చెట్లూ, ఆ సైన్స్ బిల్డింగులే.

2023లో మావారి ఉద్యోగం పోయింది. సరిగ్గా మా అమ్మాయి హైస్కూల్ అయిపోయిన ఏడాదే. వేరే స్టేట్‌లో సీటొచ్చింది కానీ ఆ ఖర్చు తలకెత్తుకునే ధైర్యం మాకు లేకపోయింది. అప్పుడు తనే కాగితం తీసి లెక్క వేసింది. ఇక్కడ కాలిఫోర్నియా వాళ్లకి క్వార్టర్ యూనిట్‌కి (యూనిట్ అంటే కోర్సుల్ని లెక్కేసే క్రెడిట్) 31 డాలర్లు. యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కావాలంటే 90 యూనిట్లు. అంటే 2,790 డాలర్లు. పుస్తకాలూ, చిన్నాచితకా ఫీజులూ వేరే. అదే నేరుగా యూసీకి వెళ్తే అప్పట్లో ట్యూషనూ, తప్పనిసరి ఫీజులూ కలిపి ఏడాదికి 13,000 డాలర్ల పైన. కాగితం నా చేతిలో పెట్టి, "నేను ఇక్కడే చదువుతానమ్మా" అంది. పదిహేడేళ్ల పిల్ల. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మనవాళ్లు కలిసినప్పుడల్లా "అయ్యో, కమ్యూనిటీ కాలేజీనా?" అనేవాళ్లు. ఆ "అయ్యో" నా చెవుల్లో చాలా రోజులుంది. ఆ మాట తన దాకా వెళ్లకూడదని కొన్ని ఫంక్షన్లకి నేను ఒక్కదాన్నే వెళ్లాను.

చదువు తేలికేమీ కాదండీ. క్వార్టర్ అంటే మూడు నెలలు కూడా నిండవు, నాలుగో వారానికే మిడ్‌టర్మ్ వచ్చి పడుతుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి పరీక్షలో మార్కులు బాగా తగ్గాయి. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత ప్రతి వారం ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి, అంటే వెళ్లి డౌట్లు అడిగే టైముకి, వెళ్లడం మొదలుపెట్టింది. మా డైనింగ్ టేబుల్ మీద ఎప్పుడు చూసినా అణువుల మోడల్స్ కట్టే బంతులే. నల్లవి కార్బన్, తెల్లవి హైడ్రోజన్, ఎర్రవి ఆక్సిజన్. వాటిని పక్కకి జరిపి కంచాలు పెట్టుకునేవాళ్లం. మూడు క్వార్టర్లూ అయ్యేసరికి అదే సబ్జెక్టులో మిగతా పిల్లలకి ట్యూటర్ అయింది. "ఎక్కడ అర్థం కాదో నాకు తెలుసు కదా, అక్కడే ఆగి చెప్తాను" అంటుంది.

నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయేది మాత్రం నిరుడు ఎండాకాలం. ఫ్లెబాటమీ కోర్సులో చేరింది. అంటే టెస్టుల కోసం రక్తం తీసే పని. కాలిఫోర్నియాలో ఆ లైసెన్స్ రావాలంటే క్లాసులూ, పరీక్షా కాకుండా, 50 సార్లు చేతి నుంచి, 10 సార్లు వేలి నుంచి రక్తం తీసి చూపించాలి. ఇంట్లో సూది లేకుండా నా చెయ్యే ప్రాక్టీసుకి. సోఫాలో కూర్చోబెట్టి, మోచేతి పైన నీలం రబ్బరు పట్టీ కట్టి, కళ్లు మూసుకుని చూపుడువేలితో మెల్లగా నొక్కుతూ వెతికేది. "నరం ఇక్కడ కనిపిస్తోందిగా" అన్నాను. "కనిపించేది కాదమ్మా, వేలికి తగిలేది కావాలి. నొక్కితే మెత్తగా పైకి లేవాలి. పైగా అది నరం కాదు, వెయిన్. నరం అంటే నెర్వ్, దానికి సూది తగలకూడదు" అంది. చిన్నప్పుడు మా సైన్సు మాష్టారు సిరలు (ఈ వెయిన్లే), ధమనులు అని బోర్డు మీద నీలం సుద్దతో, ఎర్ర సుద్దతో గీసింది అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ అన్నిటినీ నరాలనే అంటూ వచ్చాను.

ట్యూబుల మూతల రంగులు కూడా వరస తప్పకూడదట. లేత నీలం ముందు, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, లావెండర్, చివర్లో గ్రే. అంట్లు సర్దుతూ కూడా అదే వల్లె వేసేది. మా అమ్మకి మూణ్నెల్లకోసారి చేయించే ఏ1సి షుగర్ టెస్టు ఆ లావెండర్ ట్యూబ్‌లోనేనట.

లైసెన్స్ వచ్చాక వారానికి మూడు రోజులు తెల్లవారుజామునే ల్యాబ్‌లో పని, ఆ తర్వాత క్లాసులు. ఒకరోజు ఇంటికొచ్చి చెప్పింది. పేరు చెప్పలేదు, పేషెంట్ల వివరాలు బయట చెప్పకూడదు కాబట్టి నేనూ అడగలేదు. ఎవరో పెద్దావిడ, మన తెలుగావిడే, కొడుకు దగ్గరకి వచ్చారట. సూది చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నారట. మా అమ్మాయి "అమ్మమ్మగారూ, భయపడకండి, గాజులు కొంచెం వెనక్కి జరుపుతాను" అనగానే, ఆవిడ మొహంలోకి చూసి "ఏ ఊరమ్మా మీది?" అన్నారట. మాది ఒంగోలు అని చెప్పేలోపు రక్తం తీయడం అయిపోయిందట. వెళ్లేటప్పుడు తల నిమిరి వెళ్లారట. ఆ రోజే నాతో అంది, ఫ్యామిలీ మెడిసిన్ చేస్తానని, అంటే ఇంటిల్లిపాదినీ చూసే డాక్టర్ అవుతానని.

దారి పొడుగే. ఇండియాలో మా చెల్లెలి కొడుకు బైపీసీ చదివి నీట్ రాశాడు. ఒక్క పూట, 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లలో డాక్టర్. ఇక్కడ ముందు డిగ్రీ, తర్వాత మెడికల్ స్కూల్ ఎంట్రన్స్ అయిన ఏడున్నర గంటల ఎంక్యాట్, ఆ తర్వాత మెడికల్ స్కూల్ నాలుగేళ్లు, ఫ్యామిలీ మెడిసిన్‌కి రెసిడెన్సీ (డాక్టర్‌గా ట్రైనింగ్) మరో మూడేళ్లు. డేవిస్‌లో బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ పెద్ద కోర్సులు తీసుకోవాలి. కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చిన వాళ్లు పై కోర్సుల్లో ఎలా చేశారో మెడికల్ స్కూళ్లు చూస్తాయి.

ఎవరింట్లోనైనా పిల్లలు ఇదే దారిలో ఉంటే ఒక మాట. ట్యాగ్ అని ఉంది, ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ. డేవిస్, ఇర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు యూసీలే ఇస్తాయి. బర్క్లీ, యూసీఎల్ఏలకి లేదు. ఆరింటిలో ఒక్కదానికే పెట్టుకోవాలి, సెప్టెంబర్ నెలలోనే. ముందే కౌన్సెలర్‌ని కలిసి, ఏ కోర్సు ఏ క్వార్టర్‌లో అన్నది రాయించుకోండి. మేము అలాగే చేశాం.

అదిగో, వస్తోంది. బ్యాగ్ ఒక భుజానికే వేసుకుని, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చేసింది, పెసరట్లు బాక్సులో పెట్టి తెచ్చాను. కెమెరా ఆపేస్తున్నానండీ.