అంబాసిడర్ బ్రేక్ పెడల్ ప్లే: ఈ పుష్ రాడ్ కిట్ పనిచేసిందా?

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, బ్రేక్ పెడల్ ఊరికే దిగే ఖాళీని, అంటే ప్లేని, తగ్గించడానికి అమ్మే ఈ పుష్ రాడ్ కిట్ నేను కొనలేదు, అమ్మేవాళ్లే ఫ్రీగా పంపారు. అయినా నచ్చనిది నచ్చలేదనే చెప్తాను. ఇందులో ఏమేం వస్తాయో ఒక్కొక్కటీ చదవను. నేను మాట్లాడేదల్లా ఈ చిన్న పిన్ను గురించి.

మాది 1984 అంబాసిడర్, మార్క్ 4, నాన్న కొన్న బండి. ఏడాదిగా పెడల్ సగం దాకా ఊరికే దిగిపోయేది. బ్రేక్ ఆయిల్‌లో గాలి ఉందేమోనని రెండుసార్లు బ్లీడింగ్ చేయించా, అంటే ఆ గాలి బయటికి తీయించా, ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ సీళ్లు మార్పించా, తేడా లేదు. చక్రాల డ్రమ్ముల్లో, వాటిని లోపలి నుంచి ఒత్తి బండిని ఆపే షూలు దగ్గరికి జరిపించాక కొంత తగ్గింది గానీ, పైన వేలితో నొక్కినా ఊగే ఆ ఖాళీ మాత్రం పోలేదు. ఒక గ్యారేజీలో అయితే 'పాత బండికి ఇంతే సార్' అని పంపించేశారు. ఆ మాటకి నాకు ఇప్పటికీ కోపమే. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి, బ్రేక్ విషయంలో 'ఇంతే' ఏంటండీ?

ఇదిగో పాత పిన్ను, కెమెరా దగ్గరికి తెస్తున్నా. పెడల్‌నీ, మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ని నెట్టే పుష్ రాడ్‌నీ కలిపేది ఇదే. గోరుతో ఇలా గీస్తే మధ్యలో గాడి తగులుతోంది. రాడ్ చివర బెజ్జం కూడా గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది. ఇక్కడ 2 మిల్లీమీటర్లు అరిగితే, పెడల్ పొడవు వల్ల అది నాలుగైదు రెట్లయి పాదం దగ్గర దాదాపు సెంటీమీటరు ఖాళీ అవుతుంది! కిట్‌లోని కొత్త రాడ్‌లో కొత్త పిన్ను చూడండి, బొటనవేలితో నొక్కితే కొంచెం బిగువుగా దిగింది, అటూ ఇటూ కదిపితే చప్పుడే లేదు. ఏడాది టెన్షన్ ఈ ఒక్క పిన్నుతో పోయింది.

కానీ కిట్‌తో ఇచ్చిన కాగితంలో 'ప్లే మొత్తం తీసేయండి' అని ఉంది చూశారా, అది పెద్ద తప్పు. మొదటిసారి నేనూ అలాగే రాడ్ పొడవు పెంచి బిగించా. పది కిలోమీటర్లు వెళ్లేసరికి బండి లాగడం లేదు, డ్రమ్ములు చేయి పెట్టలేనంత వేడి. ఎందుకంటే పెడల్ వదిలాక పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి, రాకపోతే బ్రేక్ ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్లే సన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. ఆయిల్ వేడికి ఉబ్బితే పోయే దారి లేక బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య 1 మిల్లీమీటరు వదిలి, అప్పుడు రాడ్ పొడవు మారకుండా పట్టే చెక్ నట్ బిగించా. పెడల్ ఇప్పుడు కాస్త దిగగానే గట్టిగా నిలబడుతోంది.

పిన్ను కోసమైనా ఈ కిట్ కొనండి, ఆ కాగితం మాత్రం పక్కన పడేయండి. అయితే వెంటవెంటనే రెండుసార్లు తొక్కితే మీ పెడల్ పైకొస్తోందంటే ముందు షూలు చూసుకోండి, తొక్కి పట్టుకున్నప్పుడు మెల్లగా కిందికి జారుతోందంటే మాస్టర్ సిలిండర్ విప్పాల్సిందే, వాటికి ఇది మందు కాదు. ఇంకోటి, ఈ పిన్ను జారిపోకుండా దాని చివర దూర్చే పాత స్ప్లిట్ పిన్ మళ్లీ వాడకండి. కొత్తది పెట్టి కొసలు రెండూ విడదీసి వంచండి. అది ఊడి పిన్ను జారిపోతే పెడల్ తొక్కినా బ్రేక్ పడదు.