పిల్లల తొలి కారుగా పాత స్పోర్ట్స్ కారు

శ్రోతలకు నమస్కారం.

ఇంజనీరింగ్‌లో చేరిన కొడుకో కూతురో, కొత్త చిన్న కారు ధరలో సగానికే పాత స్పోర్ట్స్ కారు వస్తుంది కదా అని తండ్రిని అడిగే ఇళ్లు అనంతపురంలో ఇప్పుడు తక్కువేమీ కాదు. బెంగళూరు మనకు రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలోనే ఉంది, జాతీయ రహదారి 44 ఊరి పక్కనుంచే పోతుంది, అక్కడి సెకండ్‌హ్యాండ్ బేరాలన్నీ ఫోనులోనే కనిపిస్తాయి. ఈ కోరికను నేను కొట్టిపారేయను. కారంటే మోజున్న పిల్లలే దాని బాగోగులూ పట్టించుకుంటారు. కాకపోతే అమ్మేవాడు చెప్పిన ధరకు, ఆ కారును రోడ్డుకు తగినట్టు తయారు చేయించడానికయ్యే ఖర్చును కూడా కలిపి, ఆ మొత్తాన్నే అసలు ధరగా ఎంచి బేరానికి దిగాలని నా అభిప్రాయం.

వయసు సంగతిలో మాత్రం బేరం లేదు. కారు లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. అంతకు ముందే తాళం చేతికిస్తే, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో, వాహన యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

మన దగ్గర స్పోర్ట్స్ కారంటే చాలావరకు ఇంజను బలం పెంచిన మామూలు కారే. 2003 వరకు అమ్ముడైన హోండా సిటీ వీటెక్, 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ రెండూ ఇంచుమించు 105 హార్స్‌పవర్ ఇస్తాయి. 2015 నాటి ఫియట్ అబార్త్ పుంటో 145 దాకా పోతుంది. ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపి బలం పెంచే టర్బో ఉండి, అదాటున ముందుకు తోసే ఆ చివరి బండి కొత్త చేతికి తగదు. పైగా ఫియట్ తన పేరుతో ఇక్కడ కార్లు అమ్మడం మానేసింది కాబట్టి సామాను కోసం వెతుకులాట తప్పదు. పోలోలోని ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సును విప్పడం ప్రతి మెకానిక్‌కూ చేతనయ్యే పని కాదు. టర్బో లేని, చేత్తో గేర్లు మార్చే, తేలికైన కారు మేలు. వెనుక సీటు ఇరుకని కొందరు పెదవి విరుస్తారు గానీ, కొత్తగా నడిపే కుర్రవాడి వెంట ఎంతమంది స్నేహితులు ఎక్కితే ప్రమాదానికి అంత ఆస్కారమని పలు దేశాల పరిశోధనలు తేల్చాయి. ఆ లెక్కన ఇరుకు సీటు తండ్రికి సాయమే.

ఇక కారును చూసే పద్ధతి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే, అంటే యజమాని స్టార్టు చేసి వేడెక్కించక ముందే, ఉదయాన వెళ్లాలి. ఆయిల్ మూత విప్పి లోపలివైపు చూడండి. మీగడలా తెల్లని జిగురు కనిపిస్తే ఆయిల్లోకి నీరు దిగుతూ ఉండవచ్చు. రేడియేటర్ మూత తీసినప్పుడు నీళ్లు తుప్పు రంగులో ఉంటే కూలెంటు ఏళ్ల తరబడి మార్చలేదన్నమాట. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటే మన సీమలో ఆ రేడియేటర్ ఎన్నాళ్లు నిలుస్తుంది? స్టార్టు చేశాక నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలిపోతోందని అర్థం. అది సిలిండర్లు అరిగి ఇంజను బోరుకు వచ్చిన లక్షణం కావచ్చు. డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్టెప్నీ కూర్చునే గుంత అంచున వెల్డింగ్ అతుకులున్నాయేమో వేలితో తడిమి చూడాలి. కొత్త పెయింటు మెరుస్తూ ఇక్కడ అతుకులు తగిలితే, పైన పటారం లోన లొటారం అన్నట్టే. టైరు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2219 అంటే 2019లో ఇరవై రెండో వారం తయారైనదని. గాడులు లోతుగానే ఉన్నా, ఏళ్లు గడిచి పగుళ్లిచ్చిన రబ్బరును నమ్మి వేగం పెంచకూడదు. నాలుగు టైర్లు, బ్రేకు ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్షులు, రబ్బరు టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనైతే ఆ బెల్టు, వీటన్నిటి ఖర్చూ కాగితం మీద రాసుకున్నాకే ధర మాట్లాడాలి.

ప్రతి కొత్త కారుకూ డ్రైవరు ఎయిర్‌బ్యాగు, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019లోనే. అంతకు ముందటి బండిలో ఇవి రెండూ ఉన్న మోడల్‌నే ఎంచుకోవాలి. ఇక్కడ మిగిల్చే డబ్బు నాకు పొదుపుగా తోచదు. కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు తక్కువ గేరులో ఉంచి, బ్రేకును అదేపనిగా తొక్కకుండా రావడం, పక్కన పెద్దలు కూర్చుని నేర్పవలసిన విద్య. ఎంత వేగంగా పోగలదో పిల్లలే కనిపెట్టుకుంటారు.

సైలెన్సరు మార్చి చప్పుడు పెంచిన బండిని వదిలేయండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. కర్ణాటక నంబరుతో కొంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ టాక్సు కట్టాలి. రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లే కాబట్టి, అది దాటిన కారుకు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. బీమాను కొన్నవారి పేరు మీదికి మార్చమని పద్నాలుగు రోజుల లోపు కంపెనీకి దరఖాస్తు చేయాలి. ఆ పని పూర్తయ్యేదాకా కారు ఇంటి ముందే ఉండనివ్వండి.