నాడి అందని జబ్బు: తకయాసు ఆర్టరైటిస్ అంటే ఏంటి?

నమస్తే అండీ. ముందు ఒక్క పని చేయండి, మీ కుడి చేతి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, రెండు వేళ్ళు ఆనించి నాడి చూడండి. తగులుతోంది కదా. ఇప్పుడు ఎడమ చేతికి కూడా చూడండి. మా చిన్నమ్మ కూతురికి ఎడమ చేతికి ఇలా పెడితే ఏమీ తగిలేది కాదు. ఆ సంగతి రెండేళ్ళు మా ఇంట్లో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఆ చెయ్యి పట్టుకుని చూసినవాళ్ళే లేరు.

[స్క్రీన్ మీద: తకయాసు ఆర్టరైటిస్]

ఇది పెద్ద రక్తనాళాలకి వచ్చే జబ్బు. చాలా అరుదు. కొత్తగా ఈ జబ్బు బయటపడేది ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి అని లెక్కలు చెప్తాయి. అంత అరుదైనదాని గురించి వీడియో ఎందుకంటే, ఇది ఎక్కువగా పట్టుకునేది చదువుకునే ఆడపిల్లల్ని, కొత్తగా పెళ్ళైన వాళ్ళని. అంటే మన ఇళ్ళల్లో "నీరసంగా ఉంది" అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోని వయసు వాళ్ళని.

చెల్లికి అప్పుడు 23 ఏళ్ళు, గుంటూరు దగ్గర పల్లెటూరు వాళ్ళది, బీఈడీ చదువుతోంది. జడ అల్లుకుంటూ సగంలో ఎడమ చెయ్యి దించేసేది, కాసేపు ఊరుకుని మళ్ళీ ఎత్తి అల్లేది, మళ్ళీ దించేసేది. దండెం మీద బట్టలు ఆరేయాలన్నా అంతే, రెండు చీరలు వేసేసరికి చెయ్యి లాగేసేది. కిందకి దించితే రెండు నిమిషాల్లో తగ్గిపోయేది. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది, బరువు తగ్గింది. రక్తం తక్కువైందన్నారు, ఐరన్ టానిక్ తాగించారు, బీట్‌రూట్ పెట్టారు, ఖర్జూరాలు పెట్టారు, నరాల వీక్‌నెస్ అని బీ కాంప్లెక్స్ మాత్రలు కూడా వాడారు.

ఇక్కడ ఒక్క మాట ఆగి చెప్పాలి. మనం నరం అనే మాటని అన్నిటికీ వాడేస్తాం. స్పర్శ మోసేదాన్నీ నరమే అంటాం, సూది పొడిచే దాన్నీ నరమే అంటాం. అందుకే చెయ్యి లాగుతోంది అనగానే నరాల మందు గుర్తొస్తుంది. కానీ పనిచేస్తుంటే లాగి, ఆపగానే తగ్గిపోయే నొప్పిలో ముందు అనుమానించాల్సింది ఆ కండకి రక్తం సరిపోతోందా లేదా అని. కండ పనిచేసేటప్పుడు ఎక్కువ రక్తం అడుగుతుంది, దారి సన్నబడితే అంత అందదు, అందుకే లాగుతుంది.

చెల్లి సంగతి చివరికి ఎలా బయటపడిందంటే, కాలేజీలో హెల్త్ క్యాంప్ పెట్టారు. ఎడమ చేతికి బీపీ పట్టీ చుట్టారు, మిషన్ ఎర్రర్ చూపించింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ ఎర్రర్. బ్యాటరీలు అయిపోయాయేమో అని మార్చారు, అయినా అదే. అప్పుడు పక్క టేబుల్ దగ్గరున్న ఒక పెద్ద సిస్టర్ వచ్చి కుడి చేతికి చుట్టారు, 170 బై 100 వచ్చింది. 23 ఏళ్ళ సన్నటి పిల్లకి. ఆవిడ మిషన్ పక్కన పెట్టేసి చెల్లి ఎడమ మణికట్టు పట్టుకున్నారు, వేళ్ళు కొంచెం పైకి, కొంచెం కిందకి జరుపుతూ చాలాసేపు వదల్లేదు. ఆవిడ చెప్పినదాన్నిబట్టే మేం పెద్దాసుపత్రికి వెళ్ళాం. పాతకాలం డాక్టర్లు ముందు చెయ్యి పట్టుకునేవాళ్ళు, ఇప్పుడు చాలాచోట్ల వేలికి క్లిప్పు పెట్టేసి వదిలేస్తున్నారు. ఆ సిస్టర్ చెయ్యి పట్టుకోకపోతే ఇంకెన్నాళ్ళు పట్టేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

సరే, లోపల అసలు ఏం జరుగుతుందో చూద్దాం.

[బొమ్మ: గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని, దాని కొమ్మలు]

గుండె నుంచి బయటికొచ్చే అతి పెద్ద ధమని పేరు అయోర్టా, తెలుగులో బృహద్ధమని అంటారు. కృష్ణా డెల్టా వాళ్ళకైతే ఇది చాలా తేలిగ్గా అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీ గుండె అనుకోండి, అక్కడ బయల్దేరే పెద్ద కాలువ అయోర్టా, దాన్నుంచి చేతులకి, మెడమీదుగా మెదడుకి, కిడ్నీలకి, కాళ్ళకి పిల్లకాలువలు. ఈ జబ్బులో ఒంట్లోని రక్షణ వ్యవస్థ, అంటే సూక్ష్మక్రిముల మీద పోరాడాల్సిన కణాలు, పొరపాటున ఈ కాలువ గట్ల మీదే దాడి చేస్తాయి. ధమని గోడకి మూడు పొరలుంటాయి. పెద్ద ధమని గోడ మందంగా ఉంటుంది కాబట్టి ఆ గోడకి కూడా రక్తం కావాలి, దానికోసం గోడలోనే వెంట్రుకల్లాంటి సన్నటి నాళాలుంటాయి, దాడి చేసే కణాలు లోపలికి దూరేది ఆ సన్నటి నాళాల గుండానే. గోడ వాస్తుంది, తర్వాత ఆ వాపు మానుతూ మచ్చగా గట్టిపడుతుంది, గట్లు లోపలికి పెరిగి కాలువ ఇరుకైనట్టు రక్తం పోయే దారి సన్నబడుతుంది. కొందరిలో దీనికి భిన్నంగా, గోడ బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది కూడా.

కాలువ ఇరుకైతే ఏమవుతుందో రేపల్లె, బాపట్ల వైపు చివరి భూముల రైతుల్ని అడగండి. పైన నీళ్ళు నిండుగానే పారుతుంటాయి, చివరికి చేరవు. చేతికి వెళ్ళే ధమని ఇరుకైతే నాడి తగలదు, చెయ్యి లాగుతుంది. మెదడుకి వెళ్ళేది ఇరుకైతే కళ్ళు తిరుగుతాయి, ఒక్కోసారి చూపు మసకబారుతుంది, పక్షవాతం కూడా రావచ్చు. కిడ్నీకి వెళ్ళేది ఇరుకైతే ఇంకో తిరకాసు. కిడ్నీ తనకి రక్తం అందట్లేదు కాబట్టి ఒంట్లోనే బీపీ పడిపోయిందనుకుంటుంది, రెనిన్ అనే పదార్థం వదిలి, గేట్లు ఎత్తండి గేట్లు ఎత్తండి అన్నట్టు బీపీని పెంచేస్తుంది. మన దేశంలో ఈ జబ్బు పొట్టలోని అయోర్టాకి, కిడ్నీ ధమనులకి ఎక్కువగా వస్తుంది, అందుకే మన దగ్గర చాలామందికి ఇది చిన్న వయసులో హైబీపీగానే ముందు కనపడుతుంది. జపాన్‌లో చేతులకీ మెడకీ వెళ్ళే పైకొమ్మలకి ఎక్కువ.

జపాన్ మాట వచ్చింది కాబట్టి పేరు సంగతి కూడా చెప్తా. మికిటో తకయాసు అనే ఆయన కనజావాలో కళ్ళ డాక్టర్. 1908లో, 21 ఏళ్ళ అమ్మాయి కంటి లోపల రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలుసుకుని దండలా చుట్టుకుని ఉన్నాయని డాక్టర్ల సభలో చెప్పారు. అదే సభలో ఒనిషి, కగోషిమా అనే ఇంకో ఇద్దరు లేచి, ఇలాంటి కళ్ళున్న మా పేషెంట్లకి మణికట్టు దగ్గర నాడి కూడా అందట్లేదు అన్నారు. ఆలోచించండి, కంటిలో కనపడిన దండకి కారణం ఎక్కడో గుండె దగ్గర ఉంది. కంటికి రక్తం చాలక, ఉన్న కాస్త రక్తం కోసం నాళాలు అలా దారులు వెతుక్కున్నాయన్నమాట. తర్వాత 1948లో జపాన్‌లోనే దీనికి పల్స్‌లెస్ డిసీజ్ అని ఇంకో పేరు పెట్టారు.

ఎందుకొస్తుంది అంటే ఖచ్చితమైన ఒక్క కారణం ఇంకా దొరకలేదు. హెచ్ఎల్ఏ బీ 52 అనే జన్యువు ఉన్నవాళ్ళలో కొంచెం ఎక్కువగా కనపడుతుంది, అలాగని అది ఉన్నవాళ్ళందరికీ రాదు. పదిమంది పేషెంట్లలో ఎనిమిది, తొమ్మిది మంది ఆడవాళ్ళే, మన దేశంలో మగవాళ్ళ వాటా జపాన్ కంటే కాస్త ఎక్కువ. ఇది అంటురోగం కాదు, ఏదో తినడం వల్ల వచ్చింది కాదు, మీ అమ్మాయి టైముకి తినకపోవడం వల్ల వచ్చింది అసలే కాదు. మా చిన్నమ్మ ఏడాది పాటు ఆ ఒక్క మాట అనుకుని కుమిలిపోయింది, అందుకే గట్టిగా చెప్తున్నా.

మొదట్లో కనపడే లక్షణాలే అసలు చిక్కు. సన్నటి జ్వరం, నీరసం, బరువు తగ్గడం, కీళ్ళ నొప్పులు, కొందరికి మెడ పక్కన ధమని మీద నొక్కితే నొప్పి. వీటిలో చాలావరకు టీబీకీ ఉంటాయి, నీరసం లాంటివి రక్తహీనతకీ ఉంటాయి. నాడి తగ్గడం, రెండు చేతుల బీపీలో తేడా రావడం తర్వాతెప్పుడో వస్తాయి. 1990లో అమెరికా రుమటాలజీ డాక్టర్లు, అంటే కీళ్ళ జబ్బులు, ఇలాంటి రక్షణ వ్యవస్థ జబ్బులు చూసేవాళ్ళు, రాసుకున్న నిబంధనల్లో రెండు చేతుల పై బీపీలో 10కి మించి తేడా ఉంటే లెక్కలోకి తీసుకున్నారు, 2022లో యూరప్ వాళ్ళతో కలిసి మళ్ళీ రాసినప్పుడు దాన్ని 20 చేశారు. కాస్త తేడా మామూలు మనుషుల్లో కూడా ఉంటుంది కాబట్టి ఇంట్లో ఒకసారి చూసి కంగారుపడొద్దు, మళ్ళీ మళ్ళీ చూసినా ఎక్కువ తేడా వస్తుంటే డాక్టర్‌కి చెప్పండి. డాక్టర్ మెడ దగ్గర, కాలర్ ఎముక పైన, పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి వింటారు, ఇరుకు దారిలో రక్తం పోతుంటే బుస్సుమని చప్పుడు వస్తుంది.

[స్క్రీన్ మీద: సీటీ యాంజియోగ్రామ్ బొమ్మ]

పక్కాగా తేల్చేది రక్తనాళాల్ని బొమ్మ తీసే సీటీ యాంజియో, ఎమ్మారై యాంజియో, రక్తం ఎలా పారుతోందో చూసే మెడ డాప్లర్ స్కాన్. అవసరమైతే వాపు ఎక్కడుందో చూపించే పెట్ స్కాన్. ఒంట్లో వాపుని చూపించే ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్తపరీక్షలు చేస్తారు గానీ వాటినే నమ్ముకోకూడదు, అవి నార్మల్‌గా ఉన్నా లోపల గోడ వాస్తూనే ఉండొచ్చు. అందుకే మన దేశపు డాక్టర్లు ఒక స్కోరు తయారుచేశారు, ఐటాస్ 2010 అని, పేషెంటుని నేరుగా పరీక్షించి, కొత్తగా ఏం మారింది అని లెక్కేస్తారు, నాడులకీ బీపీకీ గుండెకీ అందులో పెద్ద వాటా. మనవాళ్ళు చేసింది బయటిదేశాల్లో కూడా వాడుతున్నారంటే నాకు చాలా సంతోషం.

చూపించుకోవాల్సింది రుమటాలజిస్ట్‌కి. మా బాబాయి "కీళ్ళ డాక్టర్ దగ్గరికి ఎందుకు, గుండె డాక్టర్ దగ్గరికి పోదాం" అన్నాడు. ఇద్దరూ కావాలి, కానీ రక్షణ వ్యవస్థని అదుపులో పెట్టే మందులు నడిపించేది రుమటాలజిస్టే. హైదరాబాద్ నిమ్స్‌లో ఈ విభాగం ఉంది, ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో కూడా కొన్నిచోట్ల దొరుకుతున్నారు.

మందుల్లో మొదటిది స్టెరాయిడ్, ప్రెడ్నిసలోన్, చాలామందికి వైసోలోన్ అంటే తెలుస్తుంది. మొదట ఎక్కువ డోసు ఇచ్చి నెమ్మదిగా తగ్గిస్తారు. మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, షుగర్ రావచ్చు, ఎముకలు పలచబడతాయి. మొహం చూసుకుని ఏడ్చి మాత్రలు మానేసే పిల్లలున్నారు, దయచేసి అలా చేయొద్దు, ఒక్కసారిగా ఆపితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ వెంటనే అందుకోలేదు, ప్రాణం మీదకి వస్తుంది. డోసు తగ్గాలనే పక్కన ఇంకో మందు ఇస్తారు, మెథోట్రెక్సేట్, అజథయోప్రిన్, మైకోఫెనోలేట్ లాంటివి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. ఇది రెండుసార్లు చెప్తున్నా, వారానికి ఒక్కసారే. రోజూ వేసేసుకుని రక్తకణాలు పడిపోయి ఐసీయూ దాకా వెళ్ళినవాళ్ళున్నారు. చెల్లి ఆదివారం అని పెట్టుకుని గోడమీద క్యాలెండర్లో ఆదివారాలన్నిటికీ సున్నా చుట్టింది. ఇవి చాలకపోతే వాపు పుట్టించే పదార్థాల్ని గురిచూసి అడ్డుకునే బయలాజిక్ ఇంజెక్షన్లు, టోసిలిజుమాబ్, అడాలిముమాబ్ లాంటివి, ఖర్చు బాగా ఎక్కువ. వీటన్నిటికీ ముందు టీబీ ఉందో లేదో చూస్తారు. మన దగ్గర చాలామంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది, ఈ మందులకి అది లేచే ప్రమాదం ఉంది.

స్టెంట్, బైపాస్ ఉంటాయా అంటే ఉంటాయి, కానీ మరీ అత్యవసరమైతే తప్ప వాపు చల్లారాకే చేస్తారు. మంట మీదున్న గోడకి స్టెంట్ వేస్తే మళ్ళీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ. చెల్లికి ఎడమ చేతికి ఏమీ చేయలేదు. మెయిన్ రోడ్డు మూసేస్తే ఆటోలు సందుల్లోంచి వెళ్ళినట్టు, పక్కనున్న చిన్న నాళాలు పెద్దవై చేతికి రక్తం తెచ్చిపెడుతున్నాయి. కిడ్నీ ధమనికి మాత్రం బెలూన్‌తో ఇరుకు దారి వెడల్పు చేశారు, బీపీ మాత్రలు నాలుగు నుంచి ఒకటికి వచ్చాయి.

పెళ్ళి, పిల్లలు గురించి అందరూ అడుగుతారు. పిల్లలు పుట్టొచ్చు, జబ్బు అదుపులో ఉన్నప్పుడు, ముందే డాక్టర్‌తో మాట్లాడి ప్లాన్ చేసుకోవాలి, ఎందుకంటే మెథోట్రెక్సేట్, మైకోఫెనోలేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తాయి, వాటిని చాలా ముందుగా మార్చాలి. గర్భం వచ్చాక బీపీ సరైన చేతికే చూడాలి. నాడి లేని చేతికి చూసి 90 వచ్చింది, బాగుంది అనుకుంటే, అసలు బీపీ 160 ఉండొచ్చు.

చెల్లి ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసుకుంది, "బీపీ కుడి చేతికే చూడండి" అని. ఇప్పుడు తనకి ఐదో నెల. మొన్న చెకప్‌కి నేనే తోడు వెళ్ళా, కొత్త సిస్టర్ ఫైలు చూడకుండా ఎడమ చేతికి పట్టీ చుట్టబోతుంటే, "ఇటు కాదు అక్కా, ఇటు" అని నవ్వుతూ కుడి చెయ్యి చాపింది.