చీటీ చదివాకే కత్తెర

వేదిక మీది పెద్దలకు, శిక్షణ ముగించుకుంటున్న మిత్రులకు నమస్కారం. గమ్ కలపడం, బుడగలు లేకుండా కాగితం అదమడం మీకు ఇప్పటికే వచ్చు కనుక, వాల్‌పేపర్ రోల్‌తో వచ్చే చీటీ గురించి మాత్రమే మాట్లాడతాను.

ఆ చీటీ మీది బొమ్మలు ఏ భాషవారికైనా తెలియాలని యూరప్ ప్రమాణం ఈఎన్ 235లో నిర్ణయించిన గుర్తులు. అలలు పెరిగినకొద్దీ కాగితం తడిగుడ్డకు ఎక్కువ ఓర్చుకుంటుంది. సూర్యుడి బొమ్మ ఎండకు రంగు ఎంతవరకు నిలుస్తుందో చెబుతుంది. కుంచె బొమ్మను బట్టి గమ్ గోడకు పూయాలో, కాగితానికి పూయాలో తెలుస్తుంది. ఇవి సులువు. నష్టమంతా బాణాల దగ్గరే జరుగుతోంది.

బాణం పక్కన సున్నా ఉంటే డిజైన్ కలపనవసరం లేదు. రెండు బాణాలు ఒకే ఎత్తులో ఎదురెదురుగా ఉంటే పక్కపక్క పట్టీలలో డిజైన్ ఒకే మట్టానికి రావాలి. ఒక బాణం కిందికి జరిగి, పక్కన 64/32 అని ఉంటే, డిజైన్ 64 సెంటీమీటర్లకు ఒకసారి తిరిగి వస్తుందని, ప్రతి రెండో పట్టీని 32 సెంటీమీటర్లు జరిపి కలపాలని అర్థం.

నేను చూసిన ఒక ఇంటి సంగతి చెప్పకుండా ఉండలేను. పదడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పు ఉన్న గోడకు, రోల్‌కు 57 చదరపు అడుగుల లెక్కన దుకాణంలో రెండు రోల్స్ ఇచ్చారు. డిజైన్ 64/32. చీటీ అప్పటికే చెత్తబుట్టలో పడింది. పనివాడు ఒకే రోల్‌లోంచి పట్టీలను వరుసగా కోశాడు. పైనా కిందా కోతకు వదిలే కాగితంతో పట్టీ 315 సెంటీమీటర్లు. డిజైన్ కలవడానికి ఒక్కో పట్టీ తర్వాత 37 సెంటీమీటర్లు వదలాల్సి వచ్చింది. అలా రెండు పట్టీలు వచ్చాయి, మూడోదానికి 14 సెంటీమీటర్లు చాలలేదు. రెండో రోల్‌లోనూ అంతే. మూడో రోల్ తెప్పిస్తే బ్యాచ్ నంబర్ మారి, చివరి రెండు పట్టీలు ముదురుగా తేలాయి. ఇంటివారు అతని కూలిలో సగం ఆపేశారు. అతనికి ఆ చీటీని ఎవరు చూపించారు? మిత్రులారా, మీలో ఎవరికి చూపించారు?

ఆ రెండు రోల్సే సరిపోయేవి. ఒకటి, మూడు, అయిదు పట్టీలను మొదటి రోల్‌లోంచి 320 సెంటీమీటర్లకు, అంటే 64కు అయిదు రెట్లకు, ఒకటి చొప్పున కోయాలి. రెండో రోల్‌లో మొదటి 32 సెంటీమీటర్లు వదిలేసి, అదే కొలతతో రెండు, నాలుగు, ఆరు పట్టీలను కోయాలి. 10.05 మీటర్ల రోల్‌లో మూడేసి పట్టీలు వస్తాయి, జాయింట్ల దగ్గర డిజైన్ కలుస్తుంది. చదరపు అడుగుల లెక్క ఈ కోతను చూపించదు. కత్తెర పట్టే ముందు చీటీ అడగండి, రోల్స్ అన్నిటి మీదా బ్యాచ్ నంబర్ ఒకటేనా చూడండి, పని ముగిసేదాకా చీటీని జేబులో ఉంచుకోండి. మళ్లీ చెబుతున్నాను, చీటీని పారేయనివ్వకండి.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఇక్కడ సాధనకు డిజైన్ లేని కాగితమే ఇస్తున్నారు. దానిమీద ఎంత చక్కగా అంటించినా బాణాల సంగతి అనుభవంలోకి రాదు. వచ్చే జట్టుకు 64/32 గుర్తున్న రోల్స్ రెండు, చీటీలతో సహా ఇచ్చి, పదడుగుల గోడకు ఆరు పట్టీలు కోయించి చూడండి.