లివింగ్ సాయిల్ సంచి: రెండో పంట దాకా ఆగి చేసిన రివ్యూ

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ లివింగ్ సాయిల్, అంటే సూక్ష్మజీవులతో బతికుండే కుండీ మట్టి, సంచి నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. వచ్చి చాలా నెలలైంది. ఒక్క పంటతో ఈ మట్టి గురించి చెప్పేయడం తప్పు అనిపించి, రెండో పంట కాసేదాకా ఆగాను.

ఇందులో ఏమేం కలిపారో సంచి మీదే ఉంది. కంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి రాతి గుళికలు), వర్మీకంపోస్టు, వేపపిండి, మైకోరైజా (వేళ్లతో జత కట్టే శిలీంద్రం). వాటి గురించి ఒక్కొక్కటిగా చెప్పను. నేను మాట్లాడాలనుకున్నది సంచి మీద పెద్ద అక్షరాలతో ఉన్న ఒక్క మాట గురించి: "నీళ్లు పోస్తే చాలు". ఆ మాట చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఎందుకో చెప్తాను. మామూలు కుండీలో మనం ఎరువు నీళ్లలో కలిపి నేరుగా మొక్కకే ఇస్తాం. ఈ మట్టిలో అలా కాదు. మొక్క తన వేళ్ల నుంచి చక్కెరల్లాంటివి బయటికి వదులుతుంది. వాటిని తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ బ్యాక్టీరియాను ప్రోటోజోవా అనే ఏకకణ జీవులూ, కంటికి కనిపించని సన్నటి పురుగులూ తింటాయి. వాటికి అక్కర్లేని నత్రజని వేళ్ల పక్కనే బయటికి వస్తుంది, మొక్క దాన్ని తీసుకుంటుంది. ఇదంతా మట్టి రేణువుల చుట్టూ ఉండే పలచటి తడిలోనే జరుగుతుంది. మట్టి పూర్తిగా ఎండితే ఆ పని ఆగిపోతుంది. నీళ్లు ఎక్కువై నిలిచిపోతే గాలి అందక వేళ్లు కుళ్లుతాయి. అంటే ఈ మట్టిలో మన పనంతా నీళ్లు పోయడంలోనే ఉంది. దాన్ని "చాలు" అని తేల్చేస్తే కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు ఏమైపోవాలి?

నాకు ఏం జరిగిందో వినండి. ఇరవై లీటర్ల గుడ్డ గ్రో బ్యాగులో పొట్టి రకం టమాటా పెట్టాను. పిందెలు పడే టైమ్‌లో నాలుగు రోజులు నీళ్లు పోయడం కుదరలేదు. ఐదో రోజు బాగా పోశాను, అడుగు నుంచి నీళ్లు కారాయి, తడిసిందనే అనుకున్నాను. సాయంత్రానికి కూడా వాడిపోయిన ఆకులు పైకి లేవలేదు. వేలు పెట్టి చూస్తే రెండు అంగుళాల కింద మట్టి పొడిగా ఉంది. కోకోపీట్, కంపోస్టు బాగా ఎండితే మట్టి ముద్ద కుదించుకుపోయి బ్యాగు అంచు వదిలేస్తుంది. పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి జారిపోయాయి. తర్వాత కాయల అడుగు నల్లబడింది. కాయకి కాల్షియం అందకపోతే ఇలా అవుతుంది, అలాగని మట్టిలో కాల్షియం లేక కాదు. కాల్షియం నీళ్లతోపాటే మొక్కలో పైకి వెళ్తుంది, నీళ్లు ఒకరోజు ఉండి ఇంకోరోజు లేకపోతే కాయ దాకా చేరదు. ఆ టైమ్‌లో గుడ్డు పెంకుల పొడి వేయమంటారు, అది కరగడానికే నెలలు పడుతుంది. మొదటి గెలలోని కాయలన్నీ కోసి పారేశాను. చాలా బాధేసింది.

ఇప్పుడు చేసేది ఇది. ఇరవై లీటర్ల బ్యాగుకి ఒకసారికి లీటరు నుంచి రెండు లీటర్లు. ఒకేసారి కుమ్మరించను. సగం పోసి, పదిహేను నిమిషాలాగి మిగతా సగం. పైన రెండు అంగుళాల మందాన ఎండుటాకులు. ఎప్పుడు పోయాలన్నది తేదీ చూసి కాదు, బ్యాగు కొంచెం ఎత్తి బరువు చూసి. ఈ నాలుగు మాటలు సంచి మీద రాయడానికి చోటు లేదా?

ఇంకో చిరాకు, మూడో వారంలో వచ్చిన చిన్న నల్ల ఈగలు, ఫంగస్ నాట్స్. తడిగా, సేంద్రియంగా ఉన్న ఏ మట్టిలోనైనా రావచ్చు. ఆకులు కప్పితే పైన తడి ఉంటుంది కాబట్టి వీటికి ఇంకా సుఖం. అలాగని ఆకులు తీసేయకండి. ఎగిరేవాటికి పసుపు జిగురు అట్టలు పెట్టండి. మట్టిలోని లార్వాలకు బీటీఐ అనే బ్యాక్టీరియా పొడి నీళ్లలో కలిపి వారానికోసారి, మూడు వారాలు పోయండి. ఒక్కసారి పోసి ఆపేస్తే గుడ్లలోంచి కొత్తవి వస్తాయి. నాకు ఆ మూడు వారాల్లో తగ్గిపోయాయి.

మట్టి నాణ్యత మాత్రం చాలా బాగుంది. ఇంతకుముందు వాడిన ఒక మిశ్రమంలో మాగని రంపపు పొట్టు ఉండేది. దాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనంతా లాగేసుకున్నాయి, మొక్కలు పసుపుపచ్చగా నిలబడిపోయాయి. ఇది సంచి విప్పగానే తొలకరి వాన వాసన వచ్చింది. ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది, దాన్ని మట్టిలోని యాక్టినోమైసిటీస్ అనే బ్యాక్టీరియా తయారుచేస్తాయి. అమ్మోనియా ఘాటు కొడితే కంపోస్టు ఇంకా మాగలేదని అర్థం.

మైకోరైజా గురించి రెండు మాటలు. ఆకులు తీసి చూస్తే కనిపించే తెల్లటి దారాలు సాధారణంగా చెత్తను కుళ్లబెట్టే శిలీంద్రాలు. కూరగాయల వేళ్లలో ఉండే మైకోరైజా మామూలు కంటికి కనిపించదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవ, ముల్లంగి దానితో జత కట్టవు, కాబట్టి వాటి కోసం మైకోరైజాకి డబ్బు పెట్టకండి. భాస్వరం ఎక్కువున్న ఎరువు వేసినా అది తగ్గిపోతుంది.

ఇక నా మనసు మార్చింది రెండో పంట. టమాటా అయిపోయాక మొక్కను పీకలేదు. మొదలు దగ్గర కోసేసి వేళ్లు మట్టిలోనే వదిలేశాను. నాలుగు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేసి, ఆకులు కప్పి, మూడు వారాలు తడి ఆరకుండా ఉంచి బీన్స్ గింజలు పెట్టాను. బయటి నుంచి ఇంకేమీ వేయలేదు. ఇదిగో చూడండి ఈ ఆకుల రంగు! అడుగు ఆకు కూడా పండలేదు. మట్టి వేలికి గుల్లగా తగులుతోంది, మొదటిరోజు కంటే బాగుంది. నీళ్లలో కరిగే ఎరువులు వాడిన రోజుల్లో పంట అయ్యేసరికి బ్యాగు అంచున తెల్లటి ఉప్పు పేరుకునేది, ఆ మట్టి పారేసేవాణ్ని. ఇప్పుడు పారేయాలన్న ఆలోచనే రావట్లేదు.

అందుకే ఇంకో సంచి నా డబ్బుతో ఆర్డర్ పెట్టాను. రోజూ మొక్క దగ్గరికి వెళ్లడం కుదరని వాళ్లు, ఐదు లీటర్ల చిన్న కుండీలు వాడేవాళ్లు మాత్రం ఇది తీసుకోకండి. అంత తక్కువ మట్టి త్వరగా ఎండిపోతుంది, లోపలి జీవం నిలవదు. కంపెనీ వాళ్లు ఈ వీడియో చూస్తుంటే, దయచేసి ఆ "నీళ్లు పోస్తే చాలు" తీసేసి, ఎలా పోయాలో రాయండి.